లేసియా బొటనవేలు

లేసియాకి కుడిచేతి బొటనవేలు మొరాయించింది. పూర్తిగా కాదులెండి, కాఫీ కప్పు ఎత్తగలదు. చర్చి కింద హాల్లో కజ్జికాయలా మడిచే పిరోహీ అంచు నొక్కబోతే మాత్రం మణికట్టు దాకా సూదులు గుచ్చినట్టుంటోంది. అంచు గట్టిగా అతక్కపోతే మరిగే నీళ్లలో పిరోహీ నోరు తెరుస్తుంది, లోపలి బంగాళాదుంప ముద్దంతా నీళ్లపాలు. ఆ గురువారం అలా తొమ్మిది విచ్చుకున్నాయి. తొమ్మిదీ లేసియావే.

పిరోహీలు నొక్కే బల్లకి పెద్దదిక్కు ఎనభై రెండేళ్ల పరాస్కా బామ్మ. చిల్లుల గరిటె పక్కన పెట్టి తీర్పు చెప్పేసింది.

"మూడు వారాల్లో ఊరి విందు. అప్పటికి నీ వేలు దారికి రాకపోతే దుంపలు చెక్కే బల్లకి పో, తల్లీ."

నొక్కే బల్ల దగ్గర లేసియా కూర్చునే కుర్చీ వాళ్లమ్మది. అమ్మ పోయాక అందులో కూర్చోవడానికి లేసియా ఆరేళ్లు దుంపలు చెక్కింది. మళ్లీ అక్కడికా?

మర్నాడు నొప్పి లాగేస్తుందని మణికట్టుకి క్యాబేజీ ఆకు కట్టుకుని మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది. పొద్దస్తమానం కంప్యూటర్లో మౌస్‌తో పొలాల హద్దులు గీయడమే ఆమె పని.

"ఏంటి, మధ్యాహ్నం భోజనం చేతికే కట్టుకొచ్చావా?" అన్నాడు పక్క సీటు గార్నెట్.

"నీకు తేలేదని ఏడుపా?"

నాలుగు రోజులకి ఆకు కంపు కొట్టింది గానీ నొప్పి తగ్గలేదు.

తర్వాతి సోమవారం పరాస్కా బామ్మే ఆఫీసుకొచ్చింది, ఇంటి ముందు కాలవ పూడిపోయిందని చెప్పడానికి. లేసియా మ్యాపు తెరిచి వివరాలు అడుగుతుంటే, బామ్మ కళ్లు ఆమె చేతి మీదే ఆగిపోయాయి.

"ఎవరి పీక పిసుకుతున్నావే?"

"మౌస్, బామ్మా."

"ఇప్పుడు నాతోనేగా మాట్లాడుతున్నావు? మరి దాన్నెందుకలా పట్టుకున్నావు, పారిపోతుందా? పిరోహీ నొక్కాక ఏం చేస్తాం? ట్రేలో పెట్టి వేళ్లు వదులు చేస్తాం. అరవై ఏళ్లుగా నొక్కుతున్నా, నాకు రాని నొప్పి నీకెందుకొచ్చింది?"

చేతికర్రతో మౌస్‌కి అడ్డున్న ఫైళ్ల దొంతర పక్కకి నెట్టింది. "పిండి బారెడు దూరంలో పెట్టుకుని ఎవరైనా చేస్తారా? దగ్గరికి లాక్కో. చెయ్యి బల్ల మీద ఆనాలి, మణికట్టు వంగకూడదు. ఏయ్ అబ్బాయ్, ఈ పిల్ల కుర్చీ పైకెత్తు."

యాభై నాలుగేళ్ల గార్నెట్ 'అబ్బాయ్' అనిపించుకున్న ఆనందంలో కుర్చీ ఎత్తాడు. ఊరికే ఉండక, మౌస్ కాస్త కదిపితే చాలు బాణం గుర్తు తెర దాటేలా సెట్టింగు కూడా మార్చాడు. వారంలో రెండు రోజులు ఎడమచేత్తో పని చెయ్యమన్నదీ అతనే. మొదటి రోజు లేసియా ఎడమచేత్తో ఒక రైతు పొలాన్ని సగం చెరువులోకి తోసేసింది.

"ఆయనకి చేపల వ్యాపారం పెట్టించావు" అని గార్నెట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె చెరిపి మళ్లీ గీసింది.

అన్నిటికన్నా కష్టమైంది ఒకటే, ఫోన్లో మాట్లాడేటప్పుడు మౌస్ వదిలెయ్యడం. చెయ్యి దానంతటదే వెళ్లి పట్టుకునేది. వారం తిరిగేసరికి వదలడం అలవాటైంది. పొద్దున్నే తల దువ్వుకుంటుంటే వేలు గుర్తుకే రాలేదు.

విందు ముందు రోజు హాల్లో పరాస్కా బామ్మ ఆమె ముందు పిండి బిళ్లలు పన్నెండు పెట్టింది. లేసియా ఒక్కొక్కటే మడిచి నొక్కింది. చివర్లో వేలు కొంచెం చురుక్కుమంది, అంతే. బామ్మ అన్నీ మరిగే నీళ్లలో వేసి, వంగి లెక్కపెట్టింది. పన్నెండూ నోరు మూసుకునే పైకి తేలాయి.

"అలా నిలబడ్డావేంటి? కూర్చో, పిండి ఎండిపోతోంది."

లేసియా అమ్మ కుర్చీని బల్లకి బాగా దగ్గరగా లాక్కుంది.