మీట నొక్కే పని

కోడలికి నోట్లో నాలుక లేదని ఇంట్లో అందరూ మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలే ఆమె కొంప ముంచింది. ఆమె ఓ హోటల్లో దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికే చోట పనిచేస్తుంది. ఇన్‌ఛార్జి ఉద్యోగానికి ఇంటర్వ్యూలో మేనేజరు ఇంగ్లీషులో ఒకే ప్రశ్న వేశాడు. "మీట నొక్కితే మెషీనే ఉతుకుతుంది, దానికో ఇన్‌ఛార్జి ఎందుకమ్మా?" జవాబు కడుపులో ఉంది, గొంతు దాటి రాలేదు.

ఆ కోపమంతా ఇంటికొచ్చి గిన్నెల మీద చూపించింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు గానీ, పాపం ఈసారి అత్త తప్పేమీ లేదు. చప్పుడు విని వచ్చి జరిగిందంతా కూపీ లాగింది.

"మళ్లీ పిలుస్తారా?"

"పిలుస్తారట. పిలిస్తే మాత్రం ఏముంది అత్తయ్యా, మళ్లీ ఇంతేగా!"

"ఇంతే ఎందుకవుతుంది? సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకి పద. తోడుగా నేనూ వస్తా."

అత్త కూరల కొట్టు నడిపి గొంతు పెంచుకున్న మనిషి. వ్యాకరణం ఏట్లో కలిసినా ఆమె ఇంగ్లీషు ఆగేది కాదు. క్లాసులో టీచరమ్మ వాదోపవాదాలు పెట్టించేది. చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షమే వాదించాలి. ఒప్పుకోకపోతే 'ఐ డిజగ్రీ' అని, వెంటనే కారణం చెప్పాలి. మన కోడలు మాత్రం అవతలివాళ్లు ఏమన్నా 'ఐ అగ్రీ' అనేసి కూర్చునేది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదుగా మరి!

ఓ సాయంత్రం చేతి ఉతుకు మంచిదా, మెషీన్ మంచిదా అన్న వాదం వచ్చింది. అత్తకి చేతి ఉతుకు పడింది, కోడలికి మెషీన్. అత్త లేచి, తనకొచ్చిన ఇంగ్లీషులో అందుకుంది.

"మెషీన్ దగ్గర ఏం పని? మీట నొక్కడమేగా! మా కోడలు చేసేదీ అదే. ఆ పనికి కోతైనా చాలు!"

క్లాసంతా గొల్లున నవ్వింది. కోడలి చెవులు వేడెక్కాయి.

"ఐ డిజగ్రీ!"

ఆ అరుపు తనదేనని ఆమెకి కాసేపు తెలియలేదు. ఇక మాటలు వాటంతటవే ఇంగ్లీషులో, తప్పులతో సహా, దొర్లుకొచ్చాయి. రక్తపు మరక మీద వేడినీళ్లు పోస్తే మరక ముదురుతుంది. తెల్ల దుప్పట్లలో ఒక్క ఎర్ర మేజోడు పడితే మొత్తం గులాబీ రంగు! దాన్ని ముందే ఏరి పారేసేది ఎవరు, మీటా? అంతా అయ్యాక, అత్తయ్యని అంత మాటన్నానే అని నాలుక కరుచుకుని కూర్చుంది.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అత్తే.

"మీరు ఓడిపోయారండీ," అంది టీచరమ్మ నవ్వుతూ.

"ఓడితే ఓడాన్లెండి!"

మళ్లీ పిలిచినప్పుడు మేనేజరు అదే ప్రశ్న అడిగాడు. కోతి గుర్తొచ్చి కోడలికి నవ్వొచ్చినంత పనయింది. "ఐ డిజగ్రీ సార్," అని మొదలుపెట్టి, ఎర్ర మేజోడు దాకా చెప్పుకొచ్చింది. ఉద్యోగం ఆమెకే ఇచ్చారు.

ఇంటికొచ్చేసరికి అత్త గిన్నెలు తుడుస్తోంది. కోడలికి గుండె నిండిపోయింది. కన్నతల్లి మాటలు నేర్పితే, ఈ తల్లి మాట్లాడటం నేర్పింది.

"మీ వల్లే వచ్చింది అత్తయ్యా. మీ మేలు ఈ జన్మలో మర్చిపోను."

"ఐ డిజగ్రీ," అంది అత్త, తల తిప్పకుండానే.

"కారణం చెప్పాలి అత్తయ్యా. క్లాసు రూలు."

అత్త నోరు తెరిచింది. తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది. ఎంత వెతికినా ఆమెకి మాట దొరకలేదు.