ప్రస్థానం పెట్టిన సంచి

ఇంటిల్లిపాదీ అరకు వెళ్దామన్నది మా ఆయన. సర్దమన్నది నన్ను. ఇందులో కొత్తేమీ లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ప్రయాణమంటే ఆయన టికెట్లు బుక్ చేసి అలిసిపోవడం, మిగతాదంతా నేను చెయ్యడం. మా ఆయన ఫణికిరణ్ వట్లూరులో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతారు. సోఫాలో కూర్చుని ఫోను మీద కాసేపు వేలు కదిపి, "అయిపోయింది స్నేహా, ఇంక బయల్దేరడమే" అన్నారు. బయల్దేరడమేనట! ఆరేళ్ళ సాయిప్రియకీ, మూడేళ్ళు నిండని సాకేత్‌కీ చలిబట్టలు ఎవరు వెతుకుతారు, రైల్లో ఏం పెడతారు, పక్క తడిపితే ఏం తొడుగుతారు? అవన్నీ టికెట్లతో పాటే వచ్చేస్తాయని ఆయన నమ్మకం కాబోలు.

సరే, సర్దాను. మూడు రోజులు సర్దాను. నేను మడతపెట్టి పెట్టెలో పెడుతుంటే ఒకవైపు నుంచి సాకేత్ తీసి పారేస్తుంటాడు, ఇంకోవైపు నుంచి సాయిప్రియ తన బొమ్మల కోసం నా చీరలు బయటికి లాగుతుంటుంది. అత్తయ్యగారు పచ్చడి సీసాలు తెచ్చి బట్టల మధ్యన దూరుస్తుంటారు. ఇన్నిటి మధ్యలోనూ ఒక్క ఎర్ర సంచిని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ సంచి సాకేత్‌ది. వాడికి ఆయాసం ఉంది. చల్లగాలి తగిలినా, దుమ్ము రేగినా, ఘాటు వాసనొచ్చినా గొంతులో పిల్లికూతలు మొదలవుతాయి. మందు పోసి మాస్కు ముఖానికి పెట్టే నెబ్యులైజర్ మిషను పిల్లాడు ఎక్కడుంటే అక్కడే ఉండాలని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. మిషనూ, మాస్కూ, మందులూ అన్నీ ఆ సంచిలోనే ఉంటాయి. మిగతా పెట్టెల్లో ఏది మర్చిపోయినా ఊళ్ళో కొనుక్కోవచ్చు. అందుకే దాన్ని మిగతా సామానులో కలపకుండా వీధిగుమ్మం పక్కన కుర్చీలో, చెయ్యి చాపితే అందేలా పెట్టుకున్నాను.

ఇక మా మామగారు. కామేశ్వరరావు మేష్టారంటే పవర్‌పేటలో తెలియనివాళ్ళు లేరు. రిటైరయ్యేదాకా లెక్కలు చెప్పారు, రిటైరయ్యాక పంచాంగం చెబుతున్నారు. మా రైలు శనివారం పొద్దున్న. వెళ్ళేది తూర్పుకి. శనివారం తూర్పుకి శూల, ఆ రోజు అటు బయల్దేరకూడదు. మరి టికెట్లు మార్చమంటారా అంటే, అక్కర్లేదు, ప్రస్థానం పెడదాం అన్నారు. ముందురోజు మంచి గడియలో మన సామాను ఒకటి తీసుకెళ్ళి తూర్పు వైపున్న ఎవరింట్లోనో పెట్టేస్తే, ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు లెక్క. మర్నాడు శూల ఏమీ చెయ్యదు. నాకు దానితో పేచీ లేదు. తాడేపల్లిగూడెంలో మా తాతగారూ పెట్టేవారు. ఆయన కండువా పెట్టేవారు. కొందరు గొడుగు పెడతారు. బుద్ధున్నవాళ్ళు ఎవరైనా అలాంటిదే పెడతారు.

శుక్రవారం పొద్దున్న పిల్లలిద్దరికీ నీళ్ళు పోసి, తల తుడుస్తూ హాల్లోకి వచ్చాను. కుర్చీ ఖాళీగా ఉంది. 

"మామయ్యగారూ, ఇక్కడి సంచి ఏదండీ?"

ఆయన ఉయ్యాలబల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. తల కూడా ఎత్తలేదు.

"ప్రస్థానం పెట్టేశానమ్మా. గుమ్మం దగ్గరే సిద్ధంగా ఉంది, తేలిగ్గానూ ఉంది. మంచి గడియ దాటిపోతోందని వీధి చివర సుందరరావు గారింట్లో పెట్టి వచ్చాను."

"అయ్యో, అందులో బాబు మిషనుందండీ! మందులన్నీ అందులోనే ఉన్నాయి. అది తెచ్చేసి ఇంకేదైనా పెడదామండీ. మీ కండువా పెట్టండి."

అప్పుడు ఎత్తారు తల. పసిపిల్లకి చెప్పినట్టు చెప్పారు.

"తప్పమ్మా. ప్రస్థానం పెట్టింది వెనక్కి తేకూడదు. తెస్తే బయల్దేరినవాళ్ళు మధ్యలో తిరిగొచ్చినట్టు. పిల్లలతో కొండల్లోకి వెళ్తున్నాం. రేపు స్టేషనుకి వెళ్ళేటప్పుడు తీసుకుందాం. ఒక్క పూటకి ఏమవుతుంది?"

ఒక్క పూటకి ఏమవుతుందట! ఒళ్ళు మండిపోయింది. కాలేజీలో ఉన్న మా ఆయనకి ఫోను చేశాను. విషయమంతా విని, "పోనీలే స్నేహా, బాబు బాగానే ఉన్నాడుగా. నాన్నగారితో ఎందుకు? మధ్యాహ్నానికి నేనొచ్చేస్తాగా" అన్నారు. వచ్చి ఏం చేస్తారో ఆయనకే తెలియాలి. నేనే వెళ్ళి తెచ్చేసుకోవాల్సింది. పెద్దాయన మాట కాదనడానికి నోరు రాక, వీధిలోకి వెళ్ళడానికి కాలు కదలక ఊరుకున్నాను.

మధ్యాహ్నం అత్తయ్యగారు కందిపొడికి మిరపకాయలు వేయించడం మొదలుపెట్టారు. అరకులో హోటల్ తిండి మామగారికి పడదు, కందిపొడీ నెయ్యీ వెంట ఉండాల్సిందే. ఘాటు ఇల్లంతా కమ్మేసింది. పిల్లల్ని గదిలో పెట్టి తలుపులు వేశాను గానీ, అప్పటికే సాకేత్ దగ్గు అందుకున్నాడు. చూస్తుండగానే దగ్గు ఆయాసమైంది. ఎత్తుకుంటే నా భుజం మీద పిల్లికూతలు వినిపిస్తున్నాయి. చొక్కా ఎత్తి చూశాను, డొక్కలు ఎగరేస్తున్నాడు. 

వాణ్ణి అలాగే ఎత్తుకుని హాల్లోకి వచ్చాను. "సంచి తెచ్చుకుంటానండి" అన్నాను. అడగలేదు, చెప్పాను.

"అమ్మా, తొందరపడకు. కాస్త వాము నలిపి వాసన చూపించు" అన్నారు మామగారు. "సంచి మాత్రం కదపద్దు. మీ అందరి క్షేమం కోసమే కదా నేను చెప్పేది!"

కాలేజీ నుంచి వచ్చి అన్నం తిని కునుకు తీస్తున్న మా ఆయన లేచి వచ్చారు. పిల్లాణ్ణి చూసి ఆయన మొహమూ పాలిపోయింది. అది నిజం, అబద్ధం చెప్పకూడదు. కానీ ఏమన్నారో వినండి.

"హాస్పిటల్‌కి వెళ్దాం. కారు తీస్తాను."

మిషను మా వీధి చివర సుందరరావు గారింట్లో ఉంది. నడిచి వెళ్తే పక్కింటి కుక్క మొరిగే లోపల అక్కడుంటాం. దానికోసం ఈయన కారు తీసి, రామచంద్రరావుపేట మీదుగా ట్రాఫిక్‌లో పడి, చీటీ రాయించుకుని, అక్కడి వాళ్ళ మిషను పెట్టిస్తారట! ఎందుకూ? నాన్నగారికి ఎదురు చెప్పక్కర్లేకుండా. చోద్యం కాకపోతే ఏమిటిది? పైగా ఆ వెంటనే, "స్నేహా, కారు తాళం ఎక్కడుంది?"

 చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లాణ్ణి భుజాన వేసుకుని గుమ్మం దాటాను. సాయిప్రియ నా చెంగు పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

సుందరరావు గారికి కైకలూరు వైపు చేపల చెరువులున్నాయి, పగలంతా ఆయన అక్కడే ఉంటారు. ఇంట్లో ఆయన భార్య రత్నమాణిక్యం గారొక్కరే ఉన్నారు. నన్ను చూడగానే ఆవిడ నొచ్చుకుంటున్నట్టు మొహం పెట్టారు.

"మేష్టారు ముందే చెప్పి వెళ్ళారమ్మా. మా కోడలొచ్చి అడిగినా ఇవ్వద్దండీ అన్నారు."

అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే ఆయనకి తెలుసు! నేను వస్తానని తెలుసు, ఎందుకు వస్తానో తెలుసు. పిల్లాడి మందు పిల్లాడికి అందకుండా ముందే తలుపు బిడాయించి వెళ్ళారన్నమాట.

"నాకు ఇవ్వద్దు పిన్నిగారూ. మీ ఇంట్లోనే ఉంచండి. ప్లగ్గు ఎక్కడుందో చెప్పండి చాలు."

ఆవిడ సాకేత్ డొక్కల వైపు ఒక్కసారి చూశారు. "ఓరి నాయనోయ్" అని పక్కకి తప్పుకుని, ముందుగదిలోకి దారి చూపించారు. సంచి పీట మీద తూర్పు మొహంగా కూర్చుని ఉంది. జిప్పుకి కుంకుమ బొట్టు కూడా పెట్టారు మా మామగారు. ఆ బొట్టు నా వేళ్ళకి అంటుకుంటుండగానే జిప్పు లాగి, మందు పోసి, మాస్కు వాడి ముఖానికి పెట్టాను. మిషను బుర్రుమంది. వాడు నా ఒళ్ళో కాళ్ళు తన్నుకుని, తన్నుకుని, నెమ్మదిగా తన్నడం మానేశాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. బాధతో వచ్చిన ఏడుపు కాదు, కోపంతో వచ్చింది.

మందు అయిపోవస్తుండగా మా ఆయన గేటు దగ్గరికి వచ్చారు.

"తగ్గిందా? అమ్మయ్య. ఇంక ఇంటికి రా. నాన్నగారు ఒకటే కంగారు పడుతున్నారు. సంచి మాత్రం అక్కడే వదిలి రమ్మన్నారు."

 ఇంత జరిగాక కూడా సంచి వదిలి రావాలా!

"నేను రానండి" అన్నాను.

"అదేంటి?"

"బయల్దేరిన సంచి వెనక్కి రాకూడదు కదా. దాని వెనకాల బయల్దేరిన మనుషులు మాత్రం వెనక్కి ఎలా వస్తారు? మీ నాన్నగారి లెక్క ప్రకారం మా ప్రయాణం మొదలైపోయింది. నేనూ పిల్లలూ రేపు ఇక్కణ్ణుంచే స్టేషనుకి వస్తాం. పిన్నిగారు ఉండనిస్తారు."

"ఉండండమ్మా, దానికేముంది" అన్నారు రత్నమాణిక్యం గారు. ఆవిడకి లోపల్లోపల ఇది సరదాగానే ఉన్నట్టుంది.

"మరి మిగతా సామాను ఎవరు సర్దుతారు?" అన్నారు మా ఆయన. చూశారా, ఆయన బెంగ ఎక్కడుందో!

"మీరే. పిల్లల స్వెట్టర్లు ఆరేసి ఉన్నాయి, తెచ్చి మడతపెట్టండి. మిగతావి వెతుక్కోండి."

ఆయన వెళ్ళిపోయారు. కాసేపటికి గేటు మళ్ళీ చప్పుడైంది. ఈసారి వచ్చింది మా అత్తగారు. వెంకటసుబ్బలక్ష్మి గారు వీధిలోకి రావాలంటే చీర మార్చుకుని, బొట్టు దిద్దుకుని, మామగారికి చెప్పి వస్తారు. అలాంటావిడ వంటింటి చీరతోనే, చంకలో చేతిసంచీ, చేతిలో కళ్ళజోడూ పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. నన్ను తీసుకెళ్ళడానికే వచ్చారనుకుని బిగుసుకుపోయాను. 

"నేనూ వచ్చేశాను" అన్నారావిడ. "ఇంక నేనూ వెనక్కి వెళ్ళను."

"అత్తయ్యగారూ..."

"ఫణికి ఏడాది నిండలేదు. అన్నవరం ప్రయాణం. వాడి పాలడబ్బా ఉన్న సంచిని తీసుకెళ్ళి ఇలాగే ప్రస్థానం పెట్టారు మీ మామగారు. నా దగ్గర పాలు లేవు. గుక్కపట్టి ఏడుస్తుంటే గంజినీళ్ళు పట్టాను. తెచ్చిపెట్టమని అడగడానికి నోరు రాలేదే నాకు!" ఆవిడ కళ్ళజోడు చెంగుతో తుడుచుకున్నారు. "నువ్వు ఇవాళ చెప్పుల్లేకుండా వెళ్తుంటే చూశాను. నాకూ ఒళ్ళు మండిపోయింది."

 ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇంతలో సాయిప్రియ, "నానమ్మా, మిరపకాయలు?" అంది. "మూకుడు పొయ్యి మీదే ఉంది. మీ నాన్న దింపుకుంటాడు" అన్నారావిడ.

చివరికి మామగారే వచ్చారు. గేటు పట్టుకుని బయటే నిలబడ్డారు. లోపలికి వస్తే ఆయనకీ వెనక్కి వెళ్ళే దారి ఉండదు మరి.

"సుబ్బలక్ష్మీ, ఏమిటిది? వీధిలో అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి" అన్నారు అత్తయ్యగారు.

ఆయన నా వైపు తిరిగారు. "అమ్మా స్నేహా, నువ్వు చదువుకున్నదానివి. నేను చేసింది మీ క్షేమం కోసమే..."

"ఎవరి క్షేమమండీ?" నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. "ఊపిరాడని పిల్లాడికి రేపటి శూలతో ఏం పనండీ? పొద్దున్నుంచీ మీరు సంచి గురించి మాట్లాడారు, గడియ గురించి మాట్లాడారు, వీధిలోవాళ్ళ గురించి కూడా మాట్లాడారు. వాడెలా ఉన్నాడని ఒక్కమాట అడిగారా? ఒక్కమాట!"

 లెక్కలు చెప్పిన మనిషి, ఎవరు ఏమడిగినా జవాబు దగ్గరుండే మనిషి, గేటు ఊచ పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేనూ చూపు తిప్పుకోలేదు. 

"ఎలా ఉన్నాడమ్మా?"

"వచ్చి చూడండి."

ఆయన వెనక్కి తిరిగి మా ఇంటి వైపు చూశారు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. కిటికీలోంచి పొగ వస్తోంది, మా ఆయన మూకుడు సంగతి ఇంకా చూసినట్టు లేదు. మామగారు చెప్పులు విడిచి, గేటు తీసుకుని లోపలికి వచ్చారు. నా పక్కన నేల మీద కూర్చున్నారు. సాకేత్ నిద్రలోకి జారుకున్నాడు. ఆయన వాడి వీపు మీద చెయ్యి వేసి, వంగి, చెవి ఆనించారు. కూతలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు, సన్నగా ఈల వేసినట్టు ఇంకా వస్తూనే ఉన్నాయి.

"ఇలా... లోపల ఇలా చప్పుడవుతోందేమిటమ్మా? ఎప్పట్నుంచి?"

"ఏడాదిన్నర నుంచండీ" అన్నాను. "మీ పక్క గదిలోనే."

ఆయన మళ్ళీ వంగారు. వాడి వీపుకి చెవి ఆనించి అలాగే ఉండిపోయారు.