మూడు అంతస్తుల పల్లకి

నా కాలు విరగడానికి కారణం నేనే. ఆ మాట ముందే ఒప్పుకుంటే మంచిది. పదో తరగతిలో ఉండగా, మా మేడ మెట్ల మీద నుంచి ఎవరు ఎక్కువ మెట్లు దూకగలరని నేనూ, మేం నిచ్చెన, బుడంకాయ అని పిలుచుకునే నా ఇద్దరు స్నేహితులూ పందెం వేసుకున్నాం. నిచ్చెన ఆరు మెట్లు దూకాడు. వాడి కాళ్ళ పొడవుకి అది దూకడం కాదు, దిగడం. బుడంకాయ నాలుగు దగ్గర బుద్ధిగా ఆగిపోయాడు. నేను ఏడన్నాను. ఏడూ దూకాను కూడా, కాకపోతే కాలు వేరే దారిన వెళ్ళింది.

ఆరు వారాలు కట్టు. మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నాన్న లారీ ఎక్కితే మళ్ళీ వారానికే కనపడతాడు. అమ్మ ఏడింటికల్లా ఇస్త్రీ దుకాణంలో ఉండాలి. వీధి చివరున్న బడికి నన్నెలా పంపాలా అని ఆవిడ తల పట్టుకుంటే, గుమ్మంలో నేరస్థుల్లా నిలబడ్డ ఇద్దరూ ఒకేసారి, “మేం మోస్తాం ఆంటీ” అన్నారు.

అమ్మ వాళ్ళని ఎగాదిగా చూసింది. నిచ్చెన కోసం పైకి, బుడంకాయ కోసం కిందికి.

“ఉన్న ఒక్క కాలూ విరగ్గొట్టకండిరా” అంది.

మొదటిరోజు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తారు. కిందివైపు బుడంకాయ, పైవైపు నిచ్చెన. అసలే మెట్లు, ఆపైన కిందున్నవాడు పొట్టి. నేను జారుకుంటూ వెళ్ళి బుడంకాయ తలని రెండు చేతులా వాటేసుకున్నాను.

“కళ్ళు మూసేశావురా, నాకేం కనపడట్లేదు.”

“నాకన్నీ కనపడుతున్నాయి. అదే భయంగా ఉంది.”

రెండో అంతస్తు బామ్మ తలుపు తీసి, మమ్మల్ని కాసేపు చూసి, “పొడుగోణ్ణి కిందికి పంపండ్రా” అని మళ్ళీ వేసేసుకుంది. వాళ్ళు చోట్లు మార్చుకోగానే కుర్చీ తిన్నగా నిలబడింది. సాయంత్రం ఎక్కేటప్పుడు ఎవరు కిందుండాలా అని ముగ్గురం పావుగంట వాదించుకున్నాం. లెక్కల్లో మా మార్కులు ఎందుకలా ఉండేవో ఇప్పుడు అర్థమవుతోంది.

నాలుగోరోజు కుర్చీ కాలు విరిగింది. అదృష్టం కొద్దీ అప్పటికి కిందికి దిగిపోయాం, మా మేడ కిందున్న వడ్రంగి బాబాయ్ కొట్టు ముందే. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. విరిగిన కుర్చీని చూశాడు, మమ్మల్ని చూశాడు, టేపు తీసి నా వెడల్పూ వాళ్ళ భుజాల ఎత్తూ కొలిచాడు. “రేపు” అన్నాడు.

మర్నాడు పాత చెక్క కుర్చీ ఒకటి సిద్ధంగా ఉంది. రెండు పక్కలా పొడుగాటి కర్రలు, నడుముకి బెల్టు, కట్టు కాలు చాపుకోవడానికి ఒక పలక.

“బాబాయ్, ఇది పల్లకీయే” అన్నాడు బుడంకాయ.

“కుర్చీ” అన్నాడాయన.

అక్కణ్ణుంచి మా వైభవం మొదలైంది. “తప్పుకోండి, రాజుగారు వేంచేస్తున్నారు” అని బుడంకాయ ప్రతి అంతస్తులోనూ కేకేసేవాడు. బామ్మ తలుపు తీసి, “ఎలాగూ కిందికేగా” అంటూ చెత్త సంచీ రాజుగారి ఒళ్ళో పెట్టేది.

ఒకరోజు సాయంత్రం రెండో అంతస్తు దాకా ఎక్కించారో లేదో, వీధిలో గోల. మురుక్కాలవలో దిగబడ్డ బస్సుని క్రేను లేపుతోందట. “ఒక్క నిమిషంరా” అని నన్ను దింపేసి ఇద్దరూ పరుగు. నలభై నిమిషాలు గడిచాయి. బామ్మ నన్ను ఊరికే కూర్చోనివ్వకుండా చిక్కుళ్ళు చేతికిచ్చింది. అన్నీ ఒలిచాక వచ్చారు. ఆయాసపడుతూ క్రేను సంగతంతా చెప్పి, నా మొహం చూసి సగంలో ఆగిపోయారు. ఒకరినొకరు చూసుకున్నారు. కుర్చీ ఎత్తి నన్ను మళ్ళీ కిందికి దింపి వీధిలోకి మోసుకెళ్ళారు. క్రేను వెళ్ళిపోయింది, బస్సూ వెళ్ళిపోయింది. బురదలో పెద్ద గుంట మిగిలింది. ముగ్గురం ఆ గుంటనే శ్రద్ధగా చూసి వచ్చాం.

నాలుగో వారంలో, క్లాసులో బుడంకాయ చేతిలోంచి పెన్ను మాటిమాటికీ జారిపోతోంది. అరచెయ్యి పట్టుకుని చూశాను. బొబ్బలు చితికి ఎర్రగా ఉన్నాయి.

“ఏమైందిరా?”

“బ్యాటు పట్టుకుని.”

“నీకు బ్యాటెవరిచ్చారు? నువ్వెప్పుడూ బంతులేరేవాడివేగా.”

వాడు చెయ్యి లాక్కున్నాడు. నిచ్చెన చేతులు అప్పటికే జేబుల్లోకి వెళ్ళిపోయాయి.

ఇంటికొచ్చాక అమ్మతో చెప్పాను. అమ్మ ఇస్త్రీ బల్ల మీద పరిచే మందపాటి గుడ్డ తెచ్చి, పల్లకి కర్రలకి చుట్టి కుట్టింది. సూది లాగుతూ, “వాళ్ళకి ఒక్కసారైనా థాంక్స్ చెప్పావా?” అనడిగింది.

“మేం అలా చెప్పుకోమమ్మా.”

“మరెలా చెప్పుకుంటారు?”

మర్నాడు మెట్ల మధ్యలో, “ఒరేయ్, మీ ఇద్దరికీ థాంక్స్‌రా” అనేశాను.

కుర్చీ ఆగిపోయింది. నన్ను కింద పెట్టారు. బుడంకాయ నా నుదురు తాకి చూశాడు. “జ్వరం లేదే” అన్నాడు.

“ఇంకోసారి అన్నావంటే ఇక్కడే వదిలేసి పోతాం” అన్నాడు నిచ్చెన. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు బడి దాకా ఒక్కరూ కేకలెయ్యలేదు. గుంటలొచ్చిన చోటల్లా మాత్రం కుర్చీని మరీ మెల్లగా పోనిచ్చారు.

కట్టు విప్పిన రోజు గోడ పట్టుకుని మెట్లన్నీ నేనే ఎక్కాను. చెరోపక్కా వాళ్ళిద్దరూ, చేతులేం చేసుకోవాలో తెలియక ఊపుకుంటూ నడిచారు.

ఆ సాయంత్రం మేం ముగ్గురం మళ్ళీ కిందికి దిగి కూర్చుని ఉండగా అమ్మ పనినుంచి వచ్చింది. రోజంతా నిలబడ్డ కాళ్ళు. మెట్ల దగ్గర ఆగి, పైకి చూసి, ఒక నిట్టూర్పు విడిచింది. నిచ్చెన లేచి కుర్చీ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

“కూర్చోండి ఆంటీ.”

“మీకేమన్నా పిచ్చా?”

వడ్రంగి బాబాయ్ కొట్టులోంచి వచ్చి కుర్చీ బెల్టు విప్పి పట్టుకున్నాడు. “కూర్చోమ్మా, విరగదు” అన్నాడు.

అమ్మ కూర్చుంది. కుర్చీ పైకి లేవగానే రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను గాని, నవ్వుతోంది. అంత నవ్వు ఆవిడలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను అమ్మ సంచీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కుతూ వెనకపడ్డాను.

పైకి చేరేసరికి వాళ్ళిద్దరూ వరండాలో వెల్లకిలా పడి రొప్పుతున్నారు. అమ్మ ఇంకా కుర్చీలోనే ఉంది.

“దిగవా అమ్మా?” అన్నాను.

“కాసేపుంటాలేరా” అంది.