సోమలింగం పెట్టిన బద్లీ

చంటిపిల్లల తల్లులు ఇంటి నుంచే పని చేయవచ్చని ఆ లాక్‌డౌన్ వేసవిలో ఉత్తర్వు వచ్చింది. చదవడానికి ముచ్చటైన ఉత్తర్వు. కంప్యూటర్ల ముందు కూర్చునే తల్లులంతా ఇళ్లకు వెళ్లిపోయారు. సూరత్‌లో కతర్‌గామ్ వైపు ఒక సర్కారు ఆరోగ్య కేంద్రంలో నర్సుగా ఉన్న నీరజకు మాత్రం అది వర్తించలేదు. ఇంట్లో కూర్చుని జనం జ్వరాలు ఎలా చూస్తావని అడిగారు. అడగడం న్యాయమే.

కరోనా డ్యూటీ కాబట్టి ఆమెకు బస కూడా హాస్టల్లోనే. ఏడాది నిండని కూతురిని రోజూ సాయంత్రం ఇంటి గేటు బయట నిలబడి చూసి వెళ్లేది. పిల్ల మొదట్లో ఏడ్చేది. తరువాత ఏడవడం మానేసింది. తనను పూర్తిగా మరిచిపోతుందేమోనని నీరజకు భయం పట్టుకుంది. సెలవుకు దరఖాస్తు పెట్టింది.

ఆమె తండ్రి సోమలింగం సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్ మగ్గాల మీదే ముసలివాడైన మనిషి. భార్య పోయింది. అల్లుడు ఊరెళ్లి అక్కడే చిక్కుకున్నాడు. మగ్గాలు బందయ్యాయి కాబట్టి మనవరాలికి పాలు పట్టడం, జోకొట్టడం ఆయన పనే అయింది.

సెలవు మాట వినగానే ఆయనకు ఒకటే తోచింది. కార్ఖానాలో సెలవు కావాలంటే మన చోట ఇంకో మనిషిని తెచ్చి నిలబెట్టాలి. ఆ మనిషిని బద్లీ అంటారు. బద్లీ లేనిదే పెళ్లికైనా చావుకైనా కదలనివ్వరు. కూతురు అంత చదువు చదివి ఇంత చిన్న సంగతి మరిచిందనుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, పిల్లను చంకనెత్తుకుని, నేరుగా నీరజ పై అధికారి హేతల్‌బెన్ దగ్గరికి పోయాడు.

“మేడమ్, మా నీరజకు బద్లీ నేనొచ్చిన. జర ఆమెను ఇంటికి పంపుండ్రి,” అన్నాడు తనకొచ్చిన హిందీలో.

“సూది వేయడం వచ్చా కాకా?”

“చూపెడితే నేర్చుకుంట. మగ్గం గూడ అమ్మ కడుపుల నేర్చుకోలే.”

ఆమె నవ్వింది. ఎగతాళిగా కాదు. కుర్చీ వేయించి, పిల్ల ఏం తింటుంది, ఎవరి దగ్గర పడుకుంటుంది అని అడిగింది. ఆఫీసుల్లో అంత మర్యాద ఎరగని సోమలింగం ఉబ్బిపోయాడు.

“అన్ని నేనే చేస్త మేడమ్. తల్లి యాదికి రాకుంట సూస్కుంటున్న.”

ఆయన వెళ్లాక హేతల్‌బెన్ దరఖాస్తు తీసి, బిడ్డను చూసుకునే పెద్దమనిషి ఇంట్లో ఉన్నందున సెలవు అక్కర్లేదని రాసింది. ఆమె చెడ్డది కాదు. నర్సులు చాలడం లేదు, కాదనడానికి కారణం కాళ్ల దగ్గరికి నడిచొచ్చింది.

సాయంత్రం నీరజ గేటు దగ్గరికి వచ్చేసరికి సోమలింగం పిల్లను ఎత్తుకుని హుషారుగా ఎదురు చూస్తున్నాడు.

“మంజూరైందా బిడ్డా? మీ మేడమ్ మస్తు మంచిగ మాట్లాడింది.”

“కాలే. పిల్లను సూస్కునేటోళ్లు ఇంట్ల ఉన్నరంట.” నీరజకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. “అసలు దాన్ని ఆడికెందుకు ఎత్తుకపోయినవ్ బాపూ?”

సోమలింగానికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

“మరి ఎవల దగ్గర ఇడ్సిపెట్టి పోవాలె బిడ్డా?” అన్నాడు.