పై వరుసలో తేదీ

లండన్ నుంచి రావలసిన టెలెక్సు మూడోసారి కూడా అందలేదు. హార్బరు దగ్గరి ఓడల ఏజెన్సీలో ఆ మెషిన్ చూసేది భ్రమరాంబ. తొమ్మిదేళ్లలో ఆమె చేతిలో ఒక్క సందేశమూ తప్పిపోలేదు. ఇప్పుడేమో ఎరువుల ఓడ కబురు లేకుండా వచ్చేసింది. కూలీలను ముందుగా పిలవకపోవడంతో రోజంతా ఊరికే నిలబడింది. పంపామని లండన్ వాళ్లంటారు, అందలేదని వీళ్లంటారు.

మేనేజరు గురునాథరావు చూపు నూకాలు మీద పడింది. పొద్దున్నే వచ్చి ఆఫీసు ఊడ్చి, రాత్రి మెషిన్ కొట్టిన కాగితాలు చింపి సర్దేది ఆవిడే. రోజుకూలీ మనిషి. చేపల వేటకెళ్లే మొగుడు నడుం పట్టేసి ఇంట్లో పడివున్నాడు. సాయంత్రానికి కారణం తేలకపోతే రేపట్నుంచి ఆవిణ్ణి రావద్దని చెప్పేయమన్నాడు మేనేజరు.

భ్రమరాంబ ముందు లైనును అనుమానించింది. మెకానిక్కు వచ్చి గంటసేపు విప్పి చూసి, మెషిన్ తనకన్నా ఆరోగ్యంగా ఉందని చెప్పి టీ తాగి వెళ్లాడు. అదే సందేశం మళ్లీ పంపమని లండన్‌కి కొట్టింది. మూడింటికి అది ఆమె కళ్లముందే అక్షరం పోకుండా దిగింది. అడుగున వాళ్లు పాత మూడింటినీ పంపిన వేళలు కూడా కొట్టారు. మూడూ వాళ్ల సాయంత్రం ఏడు దాటాక పంపినవే. అంటే మనకు అర్ధరాత్రి దాటాక.

పగలు వచ్చింది చేరుతోంది, రాత్రి వచ్చింది మాయమవుతోంది. పొద్దున్న కాగితాలు ఎలా సర్దుతుందో ఓసారి చేసి చూపించమని నూకాలును అడిగింది.

నూకాలుకు ఇంగ్లీషు రాదు. బస్సు నంబర్ల పుణ్యమా అని అంకెలొచ్చు. కాగితం పై వరుసలో తేదీ మీద వేలు పెట్టి, గోడకున్న కేలండరు వంక చూసింది. రెండూ కలిస్తే ట్రేలో, కలవకపోతే పాత కట్టలో.

"మీరే సెప్పారు గదమ్మా. పైన నిన్నటి అంకుంటే కట్టలో పడీమన్నారు. నాను అలాగే సేత్తన్నాను."

భ్రమరాంబకు గుర్తొచ్చింది. రెండు నెలల కిందట మద్రాసు వాళ్లు పాత తేదీతోనే మర్నాడు మళ్లీ పంపిన సందేశాన్ని కొత్తదనుకోవడంతో లారీలు రెండోసారి వెళ్లాయి. అప్పుడు తను పెట్టిన రూలే ఇది. మద్రాసు, కలకత్తా కబుర్లు ఆఫీసు మూసేలోపే వచ్చేస్తాయి కాబట్టి వాటికి సరిపోయింది. తర్వాత ఈ లండన్ కంపెనీ పని వచ్చింది. మనకు తేదీ మారాక కూడా అక్కడ నిన్నటి తేదీయే నడుస్తుందని తనకు తట్టలేదు. కట్ట విప్పితే మూడు కాగితాలూ మడత నలగకుండా ఉన్నాయి.

గురునాథరావు వాటిని చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"దొరికాయిగా. కట్టలో పడేసింది నూకాలే అని రాసేద్దాం. నోటితో చెప్పిన రూలుకి సాక్ష్యమేదమ్మా? మార్చిలో మీ ప్రమోషన్ కాగితం వెళ్లాలి, మర్చిపోకండి."

మూడేళ్లుగా ఎదురుచూస్తున్న ప్రమోషన్. అత్తగారికి చెప్పడం కూడా అయిపోయింది. పెరటి కుళాయి దగ్గర నూకాలు గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"రూలు నాదండి. ఆవిడ తుచ తప్పకుండా పాటించింది. నా పేరే రాయండి."

ఆయన రాయలేదు. తెల్లకాగితం ఒకటి ఆమె వైపు తోశాడు. ఆమే టైపు చేసి, సంతకం పెట్టి ఇచ్చింది.

వెళ్లేముందు నూకాలుతో, ఇక అంకె చూడక్కర్లేదని, కాగితాలన్నీ తన బల్ల మీదే పెట్టమని చెప్పింది.

"మరి పాతయ్యీ అందులో కలిసిపోతేనో?"

"అవేవో నేను చదివి తీసేస్తాను."

"అయితే ఎనిమిదింటికే రావాల మీరు. నా పని మీ నెత్తినెక్కీసింది."

మర్నాడు భ్రమరాంబ పొయ్యి మీది కూర దింపమని భర్తకు చెప్పి, గాజువాకలో ఏడుంపావు బస్సు ఎక్కింది.