కారణం రాసే గడి

ఎల్‌బీ నగర్‌లో మహిపాల్ ఉన్న కిరాయి గది ముందు పొద్దున్నే లొల్లి మొదలైంది. ముందురోజు ప్రాణం తీసుకున్న మహిపాల్ ఎందుకు పోయాడో రాయాలి. పోలీసు కాగితంలో ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

"కడుపునొప్పి తాళలేక అని రాసేద్దాం గోపయ్యా. సాయంత్రానికి శవాన్ని ఇచ్చేస్తారు," అన్నాడు స్టేషన్ రైటరు రామారావు, పిల్లగాడి తండ్రితో.

"కడుపునొప్పా? నీకు లేస్తది నొప్పి!" ఉద్యమం పోరగాళ్ల లీడరు ఆనంద్ కుమార్ మీదికొచ్చాడు. "తెలంగాణ కోసం పోయిండు. ఫ్లెక్సీ గూడ కొట్టిచ్చినం. గట్లనే రాయి."

"నువ్వు చూశావా?"

"నువ్వు చూసినవా?"

మహిపాల్ చెల్లెలు సంతోషి అన్న బట్టల సంచి పట్టుకుని గోడకు ఆనుకుంది. ఇద్దరి మీదా ఒళ్లు మండింది. అన్న మూడేళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకున్నన్నాళ్లు తిన్నవా అని అడిగినోళ్లు కారు వీళ్లు. ఎస్సై నోటిఫికేషన్ వస్తుందన్నారు, ఆగిందన్నారు. ఆఖరికి వచ్చేసరికి కాగితం మీద అన్న వయసు కొలువు హద్దును నాలుగు నెలలు దాటింది.

కాగితం మీదనే. బళ్లో వేసేనాడు పుట్టిన తేదీ అడిగితే, "ఐదు నిండినయ్ అనుకో సారూ. మీరే ఏదో ఒకటి రాసుకోండ్రి," అన్నాడు నాయిన. హెడ్మాస్టరు ఊళ్లో అందరికీ రాసే జూన్ తేదీనే రాశాడు, వయసు ఏడాది పెంచి. పోయిన వారం ఫోన్లో అన్న అడిగింది అదొక్కటే: "ఎందుకు రాయిచ్చినవ్ నాయినా?"

ఇప్పుడు గోపయ్య రెండు చేతులూ జోడించాడు. "నాకేం ఎరుక సారూ. మీరే ఏదో ఒకటి రాసుకోండ్రి."

సంచి కింద పడింది.

"రాయొద్దు!" నలుగురిలో ఎన్నడూ లేవని గొంతు అది. "నాయినా, బడిల గూడ గదే మాట అన్నవ్!"

గోపయ్య చేతులు విడిపోయాయి.

"మధ్యలో నువ్వెవరమ్మా?" అన్నాడు రైటరు.

"చెల్లెను. చెప్తా, రాసుకో. కొలువులు రాలే. ఒచ్చేసరికి తప్పు వయసు అడ్డమొచ్చింది. తెలంగాణ ఒస్తే కొలువొస్తదని జెండా పట్టిండు, లాఠీ దెబ్బలు తిన్నడు. ఊర్ల బోరెండింది. ఇంటికి చెప్పకుండ ఒక్కపూటే తిన్నడు."

"ఉన్నది ఒక్క గడి. ఒక్కటే పట్టుద్ది."

"ఇంకో కాగితం పెట్టు."

"చెల్లే, జర తెలంగాణ ముందుగాల రాయించు," అన్నాడు ఆనంద్ కుమార్ మెల్లగా.

"నువ్వు నోర్ముయ్యన్నా."

రామారావు పెన్నుకు మూత పెట్టాడు. "అయితే శవం ఇవాళ రాదు. మీ ఇష్టం."

గోపయ్య బిడ్డ ముఖంలోకి చూశాడు. తర్వాత రైటరు వైపు తిరిగాడు.

"రేపే తీస్కపోతం సారూ. బిడ్డ చెప్పింది రాయి."