బయటివైపు గడియ

నేను ఒక గడియను. చిలకలూరిపేటలో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో, పాత కమాను పట్టీని ఎర్రగా కాల్చి సమ్మెటతో చావబాది నన్ను తయారుచేశారు. పుట్టుకే దెబ్బలతో కనక దెబ్బలంటే నాకు బెదురు లేదు. గోడలకు చెవులుంటాయని మీరు భయపడతారు గానీ, తలుపుకున్న గడియ సంగతి ఎవరూ పట్టించుకోరు. అందుకే నేను చాలా విన్నాను.

మొదట నన్ను వీరబ్రహ్మం లారీ వెనక డోరుకు బిగించారు. మిరపకాయలు, పత్తి, ఎరువులు, ఎన్నో మోశాం. అతను నన్ను ఒక్కనాడూ చేత్తో తీయలేదు. కింద దొరికిన రాయి తీసుకుని ఒక్కటి వేసేవాడు. ఇంట్లోనూ అదే పద్ధతని తర్వాత తెలిసింది. కూర చల్లారిందని, ఫోను ఆలస్యంగా ఎత్తిందని పెళ్ళాం అంజని మీద చెయ్యి లేచేది. తాగుడు మీదికి నెడదామన్నా కుదరదు, అతను తాగేవాడు కాదు.

ఒకరోజు హైవే మీద ఆగి ఉన్న ట్యాంకరును గుద్ది పోయాడు. ముందు భాగం అప్పడమైంది, వెనక ఉన్న నాకు గీత కూడా పడలేదు. తండ్రి అచ్చయ్య తుక్కు కొట్టుకు వచ్చి, ఆ ఇనుప గుట్టలో చేతులు కోసుకుంటూ వెతికి నన్ను బయటికి తీశాడు. ఇంటికి తెచ్చి కొడుకు ఫొటో పక్కన అలమరలో పెట్టాడు. తల్లి రాఘవమ్మ రోజూ నాకు కుంకుమ పెట్టేది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, ఆ ఇంట్లో వీరబ్రహ్మం ఎవరినీ పల్లెత్తు మాట అననట్టే చెప్పుకునేవారు. అంజని మాత్రం నా వైపు చూసేది కాదు.

అప్పటికే ఆమె కడుపుతో ఉంది. ముసలివాళ్ళకు అది పోయిన కొడుకు తిరిగి వస్తున్నట్టు. అంజనికి పోయిన చెయ్యి తిరిగి వస్తున్నట్టు. ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడి సంగతి నేను తర్వాత విన్నాను. భర్త పోయినవాళ్ళకు ఇరవైనాలుగు వారాల దాకా చట్టం ఒప్పుకుంటుందనీ, ఇద్దరు డాక్టర్లు సరేనంటే చాలనీ, సంతకం నీదొక్కటే కావాలనీ డాక్టరమ్మ చెప్పింది. అంతవరకు బాగానే ఉంది. బయట కౌంటరులో కూర్చున్నామె మాత్రం, "ఇంటాయన సంతకం తీసుకోవటం మా ఆనవాయితీ అమ్మా. ఆయన లేడు కాబట్టి మీ మామగారితో పెట్టించుకురా" అంది. చట్టంలో లేని సంతకం అది. లోపలికి వెళ్ళి డాక్టరమ్మను మళ్ళీ అడగడానికి అంజనికి మొహమాటం అడ్డొచ్చింది. కాగితం పట్టుకుని ఇంటికి వచ్చింది.

"మామయ్యా, ఇక్కడ సంతకం పెట్టాలంట."

"దేనికమ్మా?"

అబద్ధమాడి ఉండవచ్చు. ఆడలేదు. "నాకీ కడుపు వద్దు. ఆయన కొట్టిన దెబ్బలు మీరూ చూశారు. ఆ మొహాన్నే మళ్ళీ కని పెంచటం నావల్ల కాదు."

అచ్చయ్య కలానికి మూత పెట్టాడు. లేచి అలమరలోంచి నన్ను తీసుకున్నాడు. రాఘవమ్మ కోడల్ని సామాన్ల గదిలోకి నెట్టి, తలుపు రింగు పట్టుకుని లాగి నిలబడింది. అతను నన్ను తలుపుకు బిగించాడు, బయటివైపు. కొడుకు గుర్తునే కొడుకు నెత్తురుకు కాపలా పెట్టానని అనుకున్నాడు పాపం.

రాఘవమ్మ తమ్ముడు రంగనాయకులు ప్లీడరు దగ్గర గుమాస్తా. మర్నాడు వచ్చి వరండాలో కాఫీ తాగుతూ సలహా చెప్పాడు. "గొడవెందుకు బావా. గడువు దాటేదాకా లోపల ఉంచు. ఆ తరవాత చట్టమే నీ తరఫున కాపలా కాస్తది." ఆడవాళ్ళ మేలు కోసం రాసిన గడువు ఇలా కూడా పనికొస్తుందని, రాసినవాళ్ళకు తట్టి ఉండదు.

అంజని తలుపు బాదేది. అచ్చయ్య ఇవతల నేల మీద కూర్చునేవాడు.

"లోపలున్నది నా కొడుకు నెత్తురు" అనేవాడు.

"నాది నెత్తురు కాదా మామయ్యా?"

"ప్రాణం పోసుకున్నదాన్ని తీసేస్తానంటే ఏం న్యాయమే? తొమ్మిది నెలలు మోసి మా చేతిలో పెట్టు. ఆ తరవాత నీ ఇష్టం. మళ్ళీ పెళ్ళి చేసుకో, నేనే దగ్గరుండి చేస్తా."

"నేనేం లారీనా, సరుకు దించి పొమ్మంటానికి?"

అచ్చయ్య తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. ఆమె మాటా అబద్ధం కాదు. న్యాయం ఎటుందని నన్నడిగితే, గడియ ఎటుందో చూడమంటాను.

ఒక మధ్యాహ్నం రాఘవమ్మ అన్నం తెచ్చి నన్ను తీసింది. అంజని ఆ కంచాన్ని ఆమె మొహం మీదికే నెట్టి పరుగెత్తింది. గేటు దగ్గర అచ్చయ్య ఆమె జుట్టు దొరకబుచ్చుకున్నాడు. సిమెంటు నేల మీద ఈడ్చుకొచ్చాడు. గుమ్మానికి తల కొట్టుకుని కనుబొమ పగిలింది. చెంపల మీద, వీపు మీద కొట్టాడు. కడుపు మీద మాత్రం దెబ్బ పడకుండా జాగ్రత్తపడ్డాడు. అంత కోపంలోనూ అది మరచిపోలేదు. లోపలికి విసిరేశాక నన్ను వేసింది రాఘవమ్మే. గుమ్మం మీది నెత్తురు ఆమె వేళ్ళకంటి నాకూ అంటింది.

ఆ గదిలో వాడకం పోయిన రుబ్బురోలు ఉంది. మర్నాడు పొద్దున్నే అంజని దాని పొత్రం ఎత్తి తలుపు మీద వేసింది. వేస్తూనే ఉంది. నేను మంచి ఇనుమును, ఒంగాను గాని విరగలేదు. చెక్క చీలింది. మరలు ఊడాయి. తలుపు తెరుచుకునేసరికి నేను ఒక్క మర మీద వేలాడుతున్నాను. అచ్చయ్య దుడ్డుకర్ర ఎత్తాడు. ఆమె నన్ను పెరికి అతని మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నా ఒంట్లోనే వినిపించింది. కర్ర జారింది. భుజం మీద ఇంకొకటి వేసింది. అతను కూలబడ్డాడు. మళ్ళీ ఎత్తింది గానీ కొట్టలేదు. నన్ను అక్కడే పడేసి, మొహమంతా గడ్డకట్టిన నెత్తురుతో ఎండలో రోడ్డెక్కింది.

పెద్దాస్పత్రికి చేరేసరికి గడువు ఇంకా కొంచెం మిగిలే ఉందట. ఇద్దరు డాక్టర్లు సంతకం చేశారు, ఆమె చేసింది. ఇంకెవరి సంతకమూ ఎవరూ అడగలేదు. ఇది నేను కోర్టులో విన్నాను.

ఎందుకంటే అచ్చయ్య ఆమె మీద హత్యాయత్నం కేసు పెట్టాడు. పోలీసులు నన్ను తీసుకెళ్ళి మెడకు చీటీ కట్టారు. దాని మీద 'ఆయుధం' అని రాసి ఉంది. నేను గడియనని ఎవరూ రాయలేదు. సాక్షుల బోనుకెదురుగా బల్ల మీద పడి ఉండగా, రెండు వైపుల వకీళ్ళూ పుట్టని బిడ్డ హక్కు గురించీ, పుట్టి ఉన్న ఆడదాని హక్కు గురించీ గొంతులు చించుకున్నారు. జడ్జిగారు కణతలు నొక్కుకుని, కొట్టిన సంగతి మాట్లాడమన్నారు.

రాఘవమ్మ బోనెక్కింది. అంజని వకీలు నన్ను ఎత్తి చూపించింది.

"మీ కోడలు తీసుకోకముందు ఇదెక్కడుందమ్మా?"

"తలుపుకండి."

"ఏ వైపు?"

రాఘవమ్మ మొగుడి వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. తర్వాత అంజని కనుబొమ మీది మచ్చ చూసింది.

"బయటేనండి. వేసిందీ నేనే, తీసిందీ నేనే."

అంజని బయటపడింది. కోర్టు ఆవరణలో, అందరూ చూస్తుండగా, అచ్చయ్య బాగున్న చేత్తో రాఘవమ్మ చెంప పగలగొట్టాడు. కొడుకుకు ఆ చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు అందరికీ తెలిసింది. రాఘవమ్మకు అంతకుముందే తెలుసు.

కేసు ముగిశాక నన్ను సొంతదారులకు ఇచ్చేయమన్నారు. ఆ దరిద్రం తనకొద్దన్నాడు అచ్చయ్య. రాఘవమ్మ ఒక్కతే వచ్చి, చీటీ తెంపి, కొంగులో చుట్టుకుని తీసుకెళ్ళింది. వడ్రంగిని పిలిచి నా ఒంకర తీయించింది. ఈసారి కుంకుమ పెట్టలేదు.

"ఎటువైపు బిగించమంటారమ్మా?" అన్నాడతను.

"నా గదికి. లోపలివైపు."

ఇప్పుడు అచ్చయ్యకు కోపం వచ్చినప్పుడల్లా తలుపు మీద గుద్దుతాడు. విరిగి అతుక్కున్న చెయ్యే అయినా గట్టిగానే గుద్దుతాడు. "తియ్యవే" అంటాడు. రాఘవమ్మ మంచం మీద కూర్చుని నా వైపు చూస్తుంది. నేను మంచి ఇనుమును.